వడియాలు అందలేదు

నాకు కోపం ముక్కు మీదే ఉంటాదని మా అత్త పోలేరమ్మ, పాలెమంతా చెప్పుకుంటా తిరుగుతాది. తిరగనీండి. ఆ మంగళవారం పొద్దున నా ఫోనుకి వచ్చిన మెయిళ్ళు ఆమె ఫోనుకి వచ్చుంటే ఆమెకీ వచ్చుండేది కోపం. ఒకటి గాదు, మూడు. మూడూ ఒకే నిమిషంలో టింగు టింగు టింగుమన్నాయి. మూడింట్లోనూ ఒకే మాట. మీ కస్టమరు సరుకు అందలేదని బ్యాంకుకి ఫిర్యాదు చేసినారు, వచ్చే సోమవారం సాయంత్రం లోపల రుజువులు పెట్టండి, పెట్టకపోతే డబ్బు వెనక్కి పోతుంది. కింద సన్న అక్షరాల్లో ఇంకొకటి. ఈ మూడూ మీకు వ్యతిరేకంగా తేలితే మీ అకౌంటు నిలిపివేయబడును.

దీన్ని చార్జ్‌బ్యాక్ అంటారు. కార్డు మీద కొన్నాయన నన్ను అడగడు. నేరుగా తన బ్యాంకుకి పోయి, ఆ డబ్బు నాకు తిరిగి ఇప్పించండి అంటాడు. బ్యాంకోళ్ళు పోయి, నా తరపున డబ్బులు వసూలు చేసే కంపెనీని అడుగుతారు. ఆ కంపెనీ ముందు నా డబ్బు పట్టి పెట్టుకుని, ఆ తర్వాత నన్ను అడుగుతాది. అంటే దొంగ అని ముందే రాసేసి, కాదని నువ్వే చూపించుకోమ్మా అన్నట్టు. ఇంక నాకు మండకుండా ఎట్టా ఉంటాది?

మాది కృష్ణపట్నం పోర్టుకి దగ్గర్లో పట్టపుపాలెం. మా ఆయన సుబ్బు వేటకి పోతాడు, మా అత్త చేపలు ఎండబెడతాది, నేను వాటిని ఫోన్లో అమ్ముతా. అంతకు ముందు నాలుగేళ్ళు పోర్టులో ఒక కాంట్రాక్టరు ఆఫీసులో లారీల నంబర్లు కంప్యూటర్లో కొట్టేదాన్ని. లారీ వచ్చింది, లారీ పోయింది, అంతే నా బతుకు. మానేస్తానని చెప్పిన రోజు మా మేనేజరు నవ్వి, "సుభాషిణీ, నీ కుర్చీ ఎవరికీ ఇయ్యను. మూడు నెలల్లో నువ్వే వస్తావు," అన్నాడు. ఆ నవ్వు రెండేళ్ళుగా అన్నంలో రాయి మాదిరి నాకు తగుల్తానే ఉంది. అకౌంటు పోయిందంటే మళ్ళీ ఆ కుర్చీ, ఆ లారీలు, ఆ నవ్వు. ప్రాణం పోయినా ఆ కుర్చీలో కూర్చోనని ఆ మెయిళ్ళు చూస్తా చూస్తానే అనుకున్నా.

ఇప్పుడు మీకు వడియాల సంగతి చెప్పాల.

నేను మొదలుపెట్టిన కొత్తల్లో ఒకామె ఫోన్ చేసి, అక్కా, నాకు ఎండు రొయ్యలు కావాల, మా ఇంట్లో ఎవరూ తినరు, బిల్లు మీద గానీ డబ్బా మీద గానీ ఆ పేరు రాయొద్దు అని బతిమాలింది. సరే ఏం రాద్దామా అని ఆలోచించి, వడియాలు అని రాసినా. అవీ ఎండబెట్టేవే, ఇవీ ఎండబెట్టేవే, మరీ అంత అబద్ధమేం గాదు. ఆమె ఇంకొకరికి చెప్పింది, వాళ్ళు ఇంకొకరికి. చూస్తా చూస్తా ముప్పై మంది దాకా అయినారు. అత్తగారింట్లో దాచుకుని తినేవాళ్ళు, మాంసం వండొద్దనే ఓనర్ల ఇళ్ళలో అద్దెకుండేవాళ్ళు. వాళ్ళ కోసం ఒక పట్టికే తయారు చేసినా. ఎండు రొయ్యలంటే వడియాలు, ఎండు చేపల్లో నెత్తళ్ళంటే ఊరమిరపకాయలు, సావడాయలంటే అప్పడాలు. వాట్సాప్‌లో కూడా ఇదే భాష. "అక్కా, ఒక కేజీ వడియాలు, తలలు తీసినవి" అని మెసేజీ వస్తాది, నేను "సరే అమ్మా" అంటా. ఇంత తెలివి నా బుర్రలో ఎట్టా పుట్టిందా అని నన్ను నేనే మెచ్చుకునేదాన్ని.

ముత్తుకూరు కొరియర్ ఆఫీసులో హెబ్రోను అన్న డబ్బా తీసుకుంటా, "లోపల ఏముందమ్మా?" అని అడుగుతాడు. అడగాలని వాళ్ళ రూలు. నేను తలెత్తుకుని "వడియాలు" అంటా. ఆయన ఏమీ అనకుండా వడియాలు అని రాసుకుంటాడు. నన్ను చూస్తే చాలు మొహానికి రుమాలు కట్టుకుంటాడు ఆ మనిషి. కరోనా పోయి ఎన్నాళ్ళయింది, ఇంకా ఏందన్నా ఈ గుడ్డ అని ఒకసారి కసిరినా కూడా. "దుమ్మమ్మా, దుమ్ము పడదు నాకు," అన్నాడు. పాపం అనుకున్నా.

సరే, మంగళవారానికి వద్దాం. ఏ మహానుభావుడు వేసినాడా ఈ మూడు ఫిర్యాదులు అని ఆర్డరు నంబర్లు చూస్తే, మూడూ వెన్నెలవి.

వెన్నెలది మన బుచ్చిరెడ్డిపాలెం. చదువుకుని హైదరాబాదులో ఉద్యోగం చేస్తా, ఇష్టపడ్డ పిల్లాణ్ణి చేసుకుంది. ఆ అత్తగారింట్లో గుడ్డు కూడా దిగదు. ఏడు నెలలుగా నెలనెలా నా దగ్గర వడియాలు, అంటే మన వడియాలు, తెప్పించుకుంటా ఉంది. ప్రతిసారీ "అక్కా, ప్రాణం లేచొచ్చింది" అని గొంతు రికార్డు చేసి పంపుతాది. అట్టాంటి పిల్ల అందలేదని ఫిర్యాదు చేసిందా? వెంటనే ఫోన్ కొట్టినా.

"ఏమ్మే వెన్నెలా, నేను నీకేం ద్రోహం చేసినా?"

ఆ పిల్ల గుసగుసగా మాట్లాడింది. "అక్కా, నేనెందుకేస్తాను? ఆ కార్డు మా మామయ్యది. ఇంటి సరుకులకి వాడుకోమని ఇచ్చినారు. నువ్వు బిల్లు మీద వడియాలని రాస్తావు గదా అని ధైర్యంగా దాంతోనే కొంటా ఉన్నా."

"మరి ఆయనెందుకేసినాడు?"

"మామయ్య బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరైనారక్కా. ప్రతి బిల్లూ చిల్లు పొడిచి ఫైల్లో పెడతారు. నెలనెలా వడియాలని బిల్లు ఉంది. ఒక్కరోజన్నా ఆయన కంచంలో వడియం పడలేదు."

"ఓసి నీ తెలివి సంతకెళ్ళా. బజార్లో ఒక పొట్లం వడియాలు కొని పడేయలేకపోయినావా?"

"ఆయన ఇంత లెక్క చూస్తారని నాకెట్టా తెలుసు? అక్కా, నువ్వు మాత్రం చెప్పొద్దు. గంగమ్మ మీద ఒట్టేసినావు మొదట్లో. అత్తయ్యకి తెలిస్తే నా మొహం చూడదు."

వేసినా, నిజమే. మా పాలెంలో గంగమ్మ మీద ఒట్టేస్తే సముద్రం మీదకి పోయే మొగుడు గుర్తుకొస్తాడు. దాన్ని తప్పేదానికి లేదు.

బుధవారమంతా రుజువులు పోగేసినా. కంపెనీ వాళ్ళు అడిగేవి మూడు. బిల్లు, కస్టమరుతో మాట్లాడిన మాటలు, సరుకు చేరినట్టు సంతకం. బిల్లు తీసినా, వడియాలు అని ఉంది. వాట్సాప్ తీసినా, అందులోనూ వడియాలే. సంతకం వెన్నెలది. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ పెద్దాయన అడిగేదే అది గదా, వడియాలు యాడ అని. నా దగ్గర నాలుగో రుజువు కూడా ఉంది. ప్రతి డబ్బా మూసే ముందు లోపల సరుకు ఫోటో తీసి పెట్టుకుంటా, ఎవరన్నా పేచీ పెడితే చూపించేదానికి. ఆ ఫోటోలో ఎర్రగా, మీసాలతో సహా, కేజీ రొయ్యలు. వడియాలని చెప్పి రొయ్యలు పంపినావని ఇంకో కేసు పెడతారు. నిజం చెప్తే ఒట్టు తప్పుతాది, చెప్పకపోతే అకౌంటు పోతాది. నా కాగితాలన్నీ నా మీదే సాక్ష్యం చెప్తా ఉన్నాయి.

మా అత్త రొయ్యలు తిరగేస్తా అంతా విని, "నీ వల్లో నువ్వే పడ్డావు గదే," అని ఒకటే నవ్వు. ఆమెకి నవ్వొస్తే ఆగదు, చేటలో రొయ్యలు కూడా కింద పోసింది. నేను ఆ పూట అన్నం తినలేదు.

గురువారం పది గంటలకి కొత్త నంబరు నించి ఫోను.

"సుభాషిణి గారేనా? నా పేరు విజయభాస్కర్. మీ మీద ఫిర్యాదు చేసినవాణ్ణి. మీ బిల్లు మీద నంబరుంటే చేశాను."

ఎంత మర్యాదగా చెప్పినాడో. నాకు కోపం ఇంకా ఎక్కువైంది. "సార్, మా ఇంట్లో ముగ్గురం ఎండలో మాడి సంపాదించుకుంటా ఉన్నాం. సరుకు మీ కోడలు సంతకం పెట్టి తీసుకుంది. అందలేదని ఎట్టా రాస్తారు మీరు?"

"అమ్మా, నేను ముత్తుకూరు బ్రాంచిలో మూడేళ్ళు పనిచేశాను. మీ పాలెంలో సగం పడవలకి అప్పు నేనే ఇచ్చాను. మీ ఊళ్ళో వడియాలు పెట్టే ఇల్లు ఒక్కటి చూపించండి."

ఇంటి ముందర ఆరేసిన రొయ్యలకేసి చూసినా.

"మొదటి బిల్లు చూసినరోజే నాకు తెలిసిపోయింది," అన్నాడు. గొంతు తగ్గించినాడు, తలుపేసుకున్న చప్పుడు కూడా వినపడింది. "మా బ్రాంచి అటెండరు వెంకయ్య అని ఉండేవాడు. వాళ్ళావిడ వంకాయ, ఎండు రొయ్యలు కలిపి వండి క్యారేజీలో పంపేది. నేను ఒంటరిగా ఉండేవాణ్ణి అప్పుడు. ఇరవయ్యెనిమిదేళ్ళయిందమ్మా. మా ఆవిడకి ఇప్పటికీ తెలియదు."

"మరి మీ కోడల్ని అడగొచ్చు గదా సార్?"

"ఏమని అడగను? అమ్మా, నువ్వు చాటుగా తినేదాంట్లో నాకూ ఒక ముద్ద పెట్టు అని మామగారు అడగొచ్చా? ఏడు నెలలు చూశాను. తనే పెడుతుందేమోనని చూశాను. ఒక్క రొయ్య లేదు. ఒక్క తోక లేదు. నేను బ్యాంకువాణ్ణి, నాకు తెలిసిన దారి ఫిర్యాదే. సరుకు అందలేదు అని రాశాను. అబద్ధమా? నాకు అందిందా?"

ఈ మనిషిని తిట్టాలో, జాలిపడాలో తెలియక నవ్వొచ్చేసింది నాకు. అకౌంటు మీద కత్తి వేలాడతా ఉంటే నవ్వేందని నన్ను నేనే గిల్లుకున్నా. "మరి ఏడు నెలలకీ వేయకుండా మూడింటికే ఎందుకేసినారు సార్?"

"నాలుగు నెలలు నిండినవాటి మీద వేయకూడదమ్మా. రూలు."

"సరే, ఇప్పుడు వెనక్కి తీసుకోండి. సోమవారం దాటితే నా దుకాణం మూసేస్తారు."

అక్కడే మొండికేసినాడు. అకౌంటు దాకా పోతుందని తనకి తెలియదంట, దానికి క్షమించమన్నాడు. కానీ అందకుండా అందిందని రాయడంట. ముప్పై మూడేళ్ళ సర్వీసులో చూడనిదాని మీద సంతకం పెట్టలేదంట. రొయ్య నోట్లో పడిన మరుక్షణం రాసిస్తాడంట. కొత్త డబ్బా పంపుతానంటే, నాలుగు రోజులు పడుతుంది, పైగా తలుపు తీసేది మా ఆవిడ, వద్దే వద్దు అన్నాడు. కోడలికి చెప్తానంటే, అమ్మో, నేను అడిగినట్టు తెలియకూడదు, ఒట్టేయండి అన్నాడు. ముత్తుకూరులో మూడేళ్ళున్నాడు గదా, ఏ ఒట్టు అడగాలో కూడా తెలుసు. గంగమ్మ మీద వేయించుకున్నాడు. ఆ వారం నా వల్ల గంగమ్మకి తీరిక లేకుండా పోయింది.

చూడండి నా గతి. కోడలి గుట్టు ఎవరికీ చెప్పకూడదు. మామ గుట్టు కోడలికి చెప్పకూడదు. కోడలి డబ్బాలో అరకేజీ రొయ్యలున్నాయి, మామ నోరు ఊరతా ఉంది, మధ్యలో ఒక వంటిల్లు. నేనేమో ఐదొందల కిలోమీటర్ల దూరంలో కూర్చుని వాటిని కలపాల.

ఆలోచించి ఆలోచించి వెన్నెలకి ఫోన్ చేసినా. "అమ్మా, మీ మామయ్యకి వడియాలు వేయించి పెట్టు. ఆయన చల్లబడితే ఫిర్యాదు తీసేస్తాడు." ఇంతకంటే తెలివిగా ఇంకెవరూ చెప్పలేరనుకున్నా. ఒట్టు తప్పలేదు, విషయం చెప్పినా. ఆ పిల్ల కూడా, "సరే అక్కా, రేపే పెడతాను," అంది. ఆ రోజు కడుపునిండా తిన్నా.

శుక్రవారం మధ్యాహ్నం పెద్దాయన ఫోన్ చేసినాడు.

"వేసిందమ్మా," అన్నాడు.

"ఎట్టున్నాయి సార్?"

"వడియాల్లాగా ఉన్నాయి."

"ఆహా."

"వడియాలేనమ్మా. గుమ్మడికాయ వడియాలు. కింద దుకాణం నుంచి తెప్పించింది. నాలుగు వేసింది, ఇంకా వేస్తానంది."

నేను తలకాయ పట్టుకున్నా. తప్పు ఆ పిల్లది గాదు. వడియాలంటే రొయ్యలని నేర్పింది నేనే. మామయ్యకి వడియాలంటే మాత్రం వడియాలే అనుకోకుండా ఇంకేమనుకుంటాది?

శనివారం పొద్దునే మళ్ళీ చేసినా. ఒట్టు తప్పకుండా ఎట్టా చెప్పాలో రాత్రంతా వల్లె వేసుకునే చేసినా.

"వెన్నెలా, నిన్న పెట్టినావే, అవి గాదమ్మా. వడియాలు పెట్టు."

"వడియాలే పెట్టానక్కా."

"ఆ వడియాలు గాదు. వడియాలు."

"గుమ్మడివి వద్దా? పెసర వడియాలు తేనా?"

"వడియాలు గాని వడియాలు తల్లీ. మన వడియాలు."

"మన వడియాలు మనవి గదక్కా, మామయ్యకెందుకు? ఆయనకి మామూలు వడియాలు."

"ఆయనకి మామూలు వడియాలు వద్దు."

"వద్దంటే మరి ఫిర్యాదెందుకు వేసినట్టు, వడియాలు అందలేదని?"

చెప్పినా గదా, కోపం ముక్కు మీదే ఉంటాదని. అది అక్కణ్ణించి దిగి నోట్లోకి వచ్చేసింది. గంగమ్మా, నన్ను మన్నించు తల్లీ అనుకుని గట్టిగా అరిచేసినా. "ఎండు రొయ్యలే పిల్లా! మీ మామయ్యకి కావాల్సింది నువ్వు దాచుకుని తినే ఎండు రొయ్యలు. ముత్తుకూరులో మూడేళ్ళు తిన్నాడాయన. ఏడు నెలలుగా నువ్వు పెడతావేమోనని చూస్తా ఉన్నాడు."

అవతల కుళాయి నించి నీళ్ళు పడతా ఉన్న శబ్దం ఒక్కటే వినపడతా ఉంది. ఆ పిల్ల కూరగాయలు కడుక్కుంటా ఫోను స్పీకర్లో పెట్టిందని అప్పుడు అర్థమైంది నాకు. కుళాయి ఆగింది. ఇంకో గొంతు వచ్చింది, పెద్దావిడ గొంతు.

"ఎవరమ్మా, రొయ్యలావిడేనా?"

ఆమె వెన్నెల అత్తగారు వెంకటశేషమ్మ. నేనేదో గొణుగుతా ఉంటే, "భయపడకు, నాకు తెలుసులే," అంది.

"ఎవరు చెప్పినారండీ?"

"ఒకరు చెప్పాలా? నీ డబ్బా వచ్చిన రోజు లిఫ్టులోంచే వాసన. కింద వాచ్‌మన్, అమ్మగారూ, మీ రొయ్యలొచ్చాయండీ అని నాకే చెప్పి పంపుతాడు. మొదటి నెల నుంచీ అంతే."

"వాసనా?" అన్నా నేను. "డబ్బాకా?"

"డబ్బాకి, గుమ్మానికి, ఈ పిల్ల చున్నీకి. ఇది నాలుగు అగరొత్తులు వెలిగించి పోయిందనుకుంటుంది. ఆ వాసన వచ్చిన రోజల్లా ఈయన వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతారు. ఒక్క పేజీ తిప్పరు. నేను ఇద్దరికీ అడ్డం ఎందుకని మధ్యాహ్నం భజనకి పోతున్నాను. ఆ పిల్ల తింటుంది, ఈయనకి పెడుతుందనుకున్నాను. ఇద్దరూ ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోలేదా ఇన్నాళ్ళూ?"

మూడు కవర్లు వేసి, అట్టపెట్టెలో పెట్టి, టేపు చుట్టి, పైన వడియాలు అని రాసి పంపినా. పేరు మారిస్తే సరిపోతుందనుకున్నా. వాసన అనేది ఒకటి ఉంటాదని నాకు తట్టనే లేదు. పుట్టింది ఆ వాసనలో, పెరిగింది ఆ వాసనలో. మాకది వాసన గాదు, గాలి. హెబ్రోను అన్న రుమాలు గుర్తొచ్చింది. నెల్లూరు బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీగా ఉండేది గుర్తొచ్చింది. నేనంటే మర్యాదేమో అనుకునేదాన్ని. సిగ్గేసింది, ఆ సిగ్గులోనే నవ్వు కూడా వచ్చింది, ఆపుకోలేకపోయినా. అవతల ఆమె కూడా నవ్వతా ఉంది. వెన్నెల ఏడుస్తా నవ్వతా ఉంది. ఇంతలో పెద్దాయన గొంతు, "ఏమిటి, ఏమైంది?" అని.

"ఏమీ కాలేదు. మీ సరుకు వచ్చింది. చేతులు కడుక్కోండి," అందావిడ.

నన్ను ఫోను పెట్టేయొద్దంది. బాల్కనీలో చిన్న పొయ్యి పెట్టించింది, పాత బాణలి ఒకటి ఇచ్చి, ఇది మళ్ళీ నా వంటింట్లోకి రాకూడదంది. "నేను తినను. తినేవాళ్ళని వద్దని నేనెప్పుడన్నాను? నన్నెవరూ అడగనేలేదు," అంది. ఆ ఒక్క మాట కొంచెం గట్టిగానే అంది. నూనెలో రొయ్యలు పడ్డ చప్పుడు ఇక్కడ పాలెంలో కూర్చుని విన్నా. పెద్దాయన తింటా తింటా, "వెంకయ్య వాళ్ళావిడ వండినట్టే ఉందమ్మా," అన్నాడు.

అరగంటలో నా ఫోనుకి ఉత్తరం వచ్చింది. తెల్లకాగితం మీద, ముత్యాల్లాంటి అక్షరాలతో. మేనేజరు గారికి, పై మూడు ఆర్డర్ల సరుకు నాకు ఈ రోజు సంతృప్తికరంగా అందినది, కావున నా ఫిర్యాదులను ఉపసంహరించుకొనుచున్నాను. కింద సంతకం, తేదీ, టైము కూడా. దాంతో పాటు ఒక ఫోటో. ఖాళీ కంచం. అంచున నాలుగు తోకలు. రుజువుగా వాడుకోండి అని రాసినాడు. రెండూ కంపెనీకి పెట్టేసినా, సోమవారానికి రెండు రోజులు ముందే. పది రోజుల తర్వాత మూడు మెయిళ్ళు మళ్ళీ టింగు టింగుమన్నాయి. ఫిర్యాదులు మూసివేయబడినవి, మీ అకౌంటు యథావిధిగా కొనసాగును. నేను ఫోను పట్టుకుని ఇసకలో గంతులేస్తా ఉంటే మా అత్త కూడా చేట పక్కన పెట్టి వచ్చి గంతులేసింది. ఎందుకో అడగను కూడా అడగలేదు. మా మేనేజరు కుర్చీ ఎవరికన్నా ఇచ్చుకోనీ.

అయితే ఆ శనివారం ఫోను పెట్టేసే ముందు వెంకటశేషమ్మ గారు ఇంకో మాట అంది. అది చెప్పాల.

"అమ్మాయ్, మొదటి నెల బిల్లు చూసి నేను నిజంగా వడియాలేననుకున్నాను. మా అమ్మ బూడిద గుమ్మడికాయతో పెట్టేది. ఆమె పోయాక అట్లాంటివి తినలేదు. డబ్బా కోసం రెండు రోజులు ఎదురుచూశాను. వచ్చింది. గుమ్మం దగ్గరే తెలిసిపోయింది. ఆ రోజు కాస్త మనసు చిన్నబోయింది." నవ్వతానే చెప్పింది. "వడియాలు అందలేదని ఎవరైనా ఫిర్యాదు వేయాలంటే నేను వేయాలి."

నేను ఏ ఒట్టూ వేయలేదు. పంపుతానండీ అన్నా, అంతే.

"వడియాలా? అవి ఏ వలకి పడతాయే?" అంది మా అత్త. మా మిద్దె మీద పెట్టేదానికి లేదు, ఇసక మీద పెట్టేదానికి లేదు, మా గాలి తగిలితే చాలు, రొయ్యల వాసన పట్టేస్తాది. బుచ్చిరెడ్డిపాలెంలో వెన్నెల వాళ్ళమ్మకి ఫోన్ చేసి ఆమె మిద్దె అడిగినా. నేనూ మా అత్తా తలంటు పోసుకుని, కొత్త చీరలు కట్టుకుని బస్సెక్కినాం. నేను నిమ్మకాయలు కూడా రుద్దుకున్నా. బూడిద గుమ్మడికాయ తరిగి, మినప్పిండి రుబ్బి, ఇంగువ వేసి, తెల్లగుడ్డ పరిచి పెట్టినాం. మూడు రోజులు ఎండ. మా అత్త ఊరుకుంటాదా, కర్ర పట్టుకుని కాకుల్ని తోలతా, రొయ్యల్ని తిరగేసినట్టే వడియాలు తిరగేస్తా, "వీటికి మీసాల్లేవు, తలల్లేవు, ఎంత సుఖమే," అంది.

మిగతా ముప్పై మందికి కూడా మెసేజీ పెట్టినా. అమ్మా, పేరేం రాసినా వాసన వస్తాదంట, మీ ఇళ్ళలో అందరికీ తెలిసే ఉంటాది, ఇంక ఉన్న పేరే రాస్తా అని. ఒక్కొక్కరే జవాబిచ్చినారు. తెలుసక్కా, అయినా వడియాలనే రాయి. ఇంట్లో ఎవరూ ఏమీ అనడం లేదు, ఇట్టా బాగుంది అని. సరే, మీ ఇష్టం అన్నా.

వడియాల డబ్బా తీసుకుని బుచ్చిరెడ్డిపాలెం నించి నేరుగా కొరియర్ ఆఫీసుకి పోయినా. నన్ను చూడగానే హెబ్రోను అన్న మామూలుగానే రుమాలు కట్టుకున్నాడు. డబ్బా బల్ల మీద పెట్టినా.

"లోపల ఏముందమ్మా?"

"వడియాలు."

రాయబోయినాడు. రాయకుండా ఆగినాడు. డబ్బా మీదకి కొంచెం వంగినాడు. నా మొహం చూసినాడు, మళ్ళీ వంగినాడు.

"నిజంగానా?" అన్నాడు.

"నిజంగానే అన్నా."

ఆయన రుమాలు విప్పి, నాలుగు మడతలు పెట్టి, జేబులో పెట్టుకుని, వడియాలు అని రాసినాడు. రెండేళ్ళుగా వారానికి నాలుగుసార్లు చూస్తా ఉన్నా ఆ మనిషిని. ఆయనకి మీసం ఉందని నాకు ఆ రోజే తెలిసింది.